పెన్ టాబ్లెట్‌లో గీత కుదరట్లేదా? సైజు మార్చే ముందు ఇవి చూడండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, ఇటు ఏ ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌ని అడిగినా పెన్ టాబ్లెట్ (దాని మీద పెన్నుతో గీస్తే కంప్యూటర్ స్క్రీన్ మీద గీత పడే పలక) గురించి రెండే మాటలండి, చిన్నది కొంటే గీత వణుకుతుంది, పెద్దది కొంటే చెయ్యి లాగేస్తుంది. రెండూ నిజమే కానీ చాలాసార్లు తప్పు సైజుది కాదు, టాబ్లెట్‌ని స్క్రీన్‌కి ఎలా సెట్ చేశారన్నదే. అందుకే డబ్బులు పెట్టి ఇంకోటి కొనేముందు మీ సమస్య ఇందులో ఏదో చూసుకోండి.

సమస్య: గీత వణుకుతోంది, చిన్న మలుపులు చేతికి లొంగట్లేదు

కారణం: టాబ్లెట్ మీద పెన్ను తిరిగే జాగా మొత్తం స్క్రీన్ మొత్తానికి సాగుతుంది. వాకం కంపెనీ టాబ్లెట్ స్మాల్ సైజులో ఆ జాగా 152 మిల్లీమీటర్ల వెడల్పు, 95 ఎత్తు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ స్క్రీన్ వెడల్పు దాదాపు 344, అంటే మీ చెయ్యి ఒక మిల్లీమీటరు కదిలితే స్క్రీన్ మీద రెండుకి పైనే కదులుతుంది. 24 అంగుళాల మానిటర్ అయితే మూడున్నర రెట్లు. షాపుల్లో రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టుకుంటారు కదా, అప్పుడు ఏకంగా ఏడు రెట్లు, చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనపడుద్ది, ఇంక గీత ఎలా నిలబడుద్ది చెప్పండి.

ఏం చెయ్యాలి: ముందు డ్రైవర్ (టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లోకెళ్ళి టాబ్లెట్ జాగా మొత్తం ఒక్క మానిటర్‌కే వచ్చేలా మ్యాప్ చెయ్యండి, సగం రోగం అక్కడే పోద్ది. తర్వాత జూమ్ చేసి గీయడం అలవాటు చేసుకోండి, నర్సాపురం లేసు డిజైన్లలాంటి సన్న పని అయితే జూమ్ లేకుండా ఏ సైజుతోనూ కుదరదు. గీత వణుకు తగ్గించే సెట్టింగ్, ఫోటోషాప్‌లో స్మూతింగ్, క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలైజర్, కొంచెం పెంచండి, మరీ పెంచితే గీత పెన్ను వెనకాల ఆలస్యంగా వస్తుంది. ఇవన్నీ చేసినా 24 అంగుళాల మీద ఇబ్బందిగానే ఉంటే అప్పుడు మీడియం తీసుకోండి, 216 బై 135, అందులో సాగడం రెండున్నర రెట్లకి తగ్గుతుంది.

సమస్య: సున్నా గీస్తే గుడ్డులా వస్తోంది

నా లెక్కలో తెలుగు అక్షరాలు చేత్తో రాసేవాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదేనండి. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, గుండ్రం పాడైతే పండక్కి వేసే బ్యానర్ మీద పేరు మొత్తం సాగదీసినట్టుంటుంది, ఎక్కడ తేడా కొట్టిందో మాత్రం తెలీదు.

కారణం: స్మాల్, మీడియం టాబ్లెట్ల కొలత 16:10, అంటే వెడల్పు 16 పాళ్ళయితే ఎత్తు 10, మీ మానిటర్ మామూలుగా 16:9. కాబట్టి గుండ్రం అడ్డంగా 11 శాతం దాకా సాగుతుంది. షాపుల్లో ఇంకా వాడే పాత చదరపు మానిటర్లు, 1280 బై 1024వి, వాటి మీదైతే నిలువుగా 28 శాతం సాగుతుంది. చూసుకోడం తేలికే, టాబ్లెట్ మీద రూపాయి బిళ్ళ పెట్టి చుట్టూ పెన్ను తిప్పండి, స్క్రీన్ మీద గుండ్రంగా రాకపోతే ఇదే తేడా.

ఏం చెయ్యాలి: వాకం డ్రైవర్‌లో ఫోర్స్ ప్రపోర్షన్స్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. హుయాన్, ఎక్స్‌పీ పెన్ కంపెనీల టాబ్లెట్లలో కూడా స్క్రీన్ రేషియోకి సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది. కాకపోతే ఒకటి, ఇది పెడితే టాబ్లెట్‌లో కొంత జాగా పనిచెయ్యడం మానేస్తుంది. స్మాల్‌లో 16:9కి 95 ఎత్తు కాస్తా 85 అవుతుంది, చదరపు మానిటర్‌కి 152 వెడల్పు కాస్తా 119 అవుతుంది. అందుకే పాత మానిటర్ మీద లెటరింగ్ చేసేవాళ్ళకి స్మాల్ వద్దనే చెప్తాను.

సమస్య: సాయంత్రానికి భుజం పీకేస్తోంది

కారణం: లార్జ్ సైజు, 311 బై 216, ల్యాప్‌టాప్‌కి తగిలించారు. ఎడమ పక్క టూల్స్ నుంచి కుడి పక్క లేయర్స్ దాకా వెళ్ళాలంటే ప్రతిసారీ చెయ్యి మొత్తం జరగాలి, దానికితోడు టేబుల్ మీద కీబోర్డు ఎక్కడో మూలకి పోతుంది, వంకరగా కూచుంటారు.

ఏం చెయ్యాలి: డ్రైవర్‌లో టాబ్లెట్ ఏరియాని తగ్గించుకోవచ్చు, మధ్యలో మీడియం అంత జాగా మాత్రమే పనిచేసేలా పెట్టండి. షార్ట్‌కట్‌లు పెన్ను బటన్లకి ఇచ్చుకోండి. అయితే లార్జ్ అందరికీ దండగ అని మాత్రం అనను. గోడల మీద, రేకు బోర్డుల మీద బ్రష్‌తో రాసి రాసి ఇప్పుడు కంప్యూటర్‌కి వచ్చిన ఆర్టిస్టులున్నారు మన దగ్గర, వాళ్ళ గీత భుజం నుంచి వస్తుంది, మణికట్టు నుంచి కాదు. అంతటి చేతిని స్మాల్‌లో ఇరికిస్తే ఆ రాత అందం పోతుంది, వాళ్ళకి మీడియంకి తక్కువ కాకుండా ఇవ్వాలి. మౌస్‌తో నేర్చుకున్న కుర్రాళ్ళకి, పెళ్ళి ఆల్బమ్‌లో ఫోటోలు క్లీన్ చేసేవాళ్ళకి స్మాల్ హాయిగా సరిపోద్ది.

ఇంకొన్ని చిన్నవి

టాబ్లెట్‌ని ఫోన్‌కి పెడితే కొంచెం జాగాలోనే పనిచేస్తోందా? ఫోన్ నిలువుగా ఉంటుంది కాబట్టి అంతే, ఫోన్ మీద పాఠాలు చెప్పే మాస్టార్లు దీన్ని లెక్కేసుకునే సైజు ఎంచుకోండి. పెన్ను ఎత్తి ఇంకోచోట పెడితే బాణం గుర్తు అక్కడికి రాకుండా ఉన్నచోటే ఉంటోందా? మౌస్ మోడ్‌లో ఉంది, పెన్ మోడ్‌కి మార్చండి. మన ఎండాకాలం ఉక్కకి చెయ్యి అతుక్కుని గీత ఆగిపోతుంటే రెండువేళ్ళ గ్లవ్ తొడుక్కోండి, అదీ లేకపోతే చేతికింద పల్చటి గుడ్డ.

కొనేముందు

ఒక ఏ4 కాగితం తీసుకోండి. మడవకుండా అడ్డంగా పెడితే దాదాపు లార్జ్, ఒక మడత పెడితే మీడియం, రెండు మడతలు పెడితే స్మాల్. మీ టేబుల్ మీద కీబోర్డు ఉండగానే పెట్టి, పెన్నుతో ఆ చివర నుంచి ఈ చివరకి కాసేపు గీసి చూడండి, మోచెయ్యి గాల్లో వేలాడకుండా ఎక్కడ ఆనుతుందో ఆ సైజు మీది. బాక్స్ మీద రెండు కొలతలుంటాయి, బయటి సైజు చూసి మోసపోవద్దు, యాక్టివ్ ఏరియా (పెన్ను పనిచేసే జాగా) అని రాసింది చూడండి. టేబుల్ మీద పట్టుద్దా లేదా అన్నదానికి మాత్రం బయటి సైజే కొలవాలి.