గజల్‌ను దాని ప్రయాణంతో సహా చదవడం ఎలా

ఇస్లాం విస్తరించిన ప్రాంతాలలో సాహిత్యం ఏ విధంగా మారిందో తెలుసుకోవాలనుకున్నవారు సాధారణంగా చరిత్ర గ్రంథంతో మొదలుపెట్టి, రాజవంశాల పేర్లలో చిక్కుకుని, కవిత్వం దాకా రాకముందే ఆగిపోతారు. దానికంటే మేలైన పద్ధతి ఒకటి ఉంది. ఒకే కవితారూపాన్ని ఎంచుకుని, అది ఏ మజిలీలో ఏమి వదులుకున్నదో, ఏమి కొత్తగా చేర్చుకున్నదో గమనిస్తూ పోవాలి. అరేబియాలో పుట్టి, ఇరాన్ మీదుగా ఢిల్లీకీ దక్కనుకూ వచ్చి, చివరికి తెలుగులోనూ నిలదొక్కుకున్న గజల్ ఇందుకు చాలా అనువైనది. ఉర్దూ లిపి రాకపోయినా ఇబ్బంది లేదు. తెలుగు లిపిలో రాసుకున్న ఒక గజల్, పక్కన దాని భావం, చేతిలో పెన్సిల్ ఉంటే సరిపోతుంది.

ముందుగా నిర్మాణాన్ని గుర్తించాలి. ఉర్దూ కవి గాలిబ్ (1797–1869) గజళ్ళలో చాలామందికి తెలిసిన ఒకదాని ఎత్తుగడ ఇది:

దిలె నాదాఁ తుఝే హువా క్యా హై
ఆఖిర్ ఇస్ దర్ద్ కీ దవా క్యా హై

అమాయకపు మనసా, నీకేమయింది, ఇంతకీ ఈ బాధకు మందేమిటి అని దీని భావం. రెండు పాదాల చివరా మార్పు లేకుండా వచ్చిన ‘క్యా హై’ రదీఫ్. దానికి ముందు ప్రాస కలుపుతున్న ‘హువా’, ‘దవా’ కాఫియాలు. రెండేసి పాదాలు ఒక షేర్ అవుతాయి. మత్లా అనే మొదటి షేర్‌లో రెండు పాదాలకూ, తరువాతి షేర్లలో రెండవ పాదానికి మాత్రమే ఈ నియమం వర్తిస్తుంది. మఖ్తా అనే చివరి షేర్‌లో కవి తన కలం పేరును, అంటే తఖల్లుస్‌ను, చొప్పిస్తాడు. ఈ గజల్ చివరలో గాలిబ్ తన పేరు తానే చెప్పుకుని, అతడు ఎందుకూ కొరగాడని ఒప్పుకుంటాను గానీ, ఉచితంగా చేతికొస్తే నష్టమేముంది అని అడుగుతాడు. రదీఫ్ కింద ఒక గీత, కాఫియా కింద రెండు గీతలు గీసి, తఖల్లుస్ చుట్టూ సున్నా చుట్టండి. ఇక ఆ గుర్తులలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విచారించవచ్చు.

కాఫియా అరబ్బులది, అదీ ఇస్లాంకు ముందటిది. ఖసీదా అనే వారి దీర్ఘకవిత ఆద్యంతం ఒకే అంత్యప్రాసతో నడిచేది. ప్రియురాలి కుటుంబం గుడారాలు ఎత్తివేసి వెళ్ళిపోయిన చోట నిలబడి కవి దుఃఖించడంతో అది మొదలయ్యేది. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో మక్కా, మదీనా నగరాలలో సంపద పెరిగి గానానికి ఆదరణ కలిగినప్పుడు, ఉమర్ ఇబ్న్ అబీ రబీఆ వంటి కవుల చేతిలో ఆ ప్రేమభాగం పెద్ద కవిత నుంచి విడివడి స్వతంత్రంగా నిలబడింది. లైలా మజ్నూ గాథకు మూలం కూడా ఆ కాలపు ఎడారి తెగల ప్రేమకవిత్వంలోనే ఉన్నది. 8వ శతాబ్దంలో బస్రా నగరానికి చెందిన ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బు ఛందస్సును పదిహేను వృత్తాలుగా క్రమబద్ధం చేశాడు. హ్రస్వ, దీర్ఘ భేదం మీద నడిచే ఆ లెక్క గురులఘువులు తెలిసిన తెలుగు పాఠకుడికి సులభంగానే పట్టుబడుతుంది.

రదీఫ్ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అది ప్రధానంగా ఇరాన్ చేర్చినది. 651లో ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన ససానియన్ వంశపు చివరి చక్రవర్తి మరణించిన తరువాత చాలాకాలం అక్కడ పాలనకూ పాండిత్యానికీ అరబ్బీయే ఆధారమయింది. పారసీ కవిత్వం అరబ్బీ లిపిని ధరించి మళ్ళీ తలెత్తినది ఖురాసాన్, మధ్య ఆసియాలను ఏలిన సామానిద్ ప్రభువుల ఆస్థానాలలో. 941లో మరణించిన రూదకీ ఆ తొలితరానికి ప్రతినిధి. కొత్త కవులు అరబ్బుల ఛందస్సును, కాఫియాను తీసుకున్నారు గానీ, తమ భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక, ఆ క్రియనే ప్రతి షేర్ చివరా పునరుక్తం చేసి, ప్రాసను దానికి ముందుకు జరిపారు. ఉర్దూలో, తెలుగులో రదీఫ్ అంత సహజంగా ఇమిడిపోవడానికి కూడా ఇదే ముఖ్యకారణమని నా అభిప్రాయం. మఖ్తాలో కలం పేరు పెట్టే ఆచారం కూడా 12వ శతాబ్దపు సనాయీ మొదలుకొని పారసీలోనే స్థిరపడింది.

ఇరాన్ చేర్చిన మరొకటి పెన్సిల్ గుర్తులకు అందదు. పారసీ సర్వనామాలలో స్త్రీపురుష భేదం లేదు. అందువల్ల షీరాజ్ కవులైన సాదీ, హాఫిజ్‌ల గజళ్ళలో పిలుపు అందుకునేది స్త్రీయా, పురుషుడా, ప్రభువా, దైవమా అన్నది తేలకుండా ఉంటుంది. సూఫీలు ఆ సందిగ్ధతకు ఆధ్యాత్మికమైన లోతు కల్పించారు. చదివేటప్పుడు ఏదో ఒకటి నిర్ణయించుకోవాలనే తొందర మానుకుని, ప్రతి షేర్‌నూ లౌకికంగా ఒకసారి, పారమార్థికంగా ఒకసారి చదవండి. మద్యాన్ని నిషేధించిన మతం వెంట ప్రయాణించిన కవిత్వంలో ఇంత మధువు, ఇన్ని పానశాలలు ఎందుకని ఆశ్చర్యపడేవారు, ఆ కవితలలో ఎగతాళికి గురయ్యేది దాదాపు ఎప్పుడూ నీతులు చెప్పే మతబోధకుడేనన్న సంగతిని గమనించాలి. ఇస్లాం ప్రభావం అనగానే మతబోధను మాత్రమే వెతికేవారికి గజల్‌లో సగం కనిపించదు.

భారతదేశంలో అమీర్ ఖుస్రో (1253–1325) పారసీ గజల్‌ను ఢిల్లీలో ఉన్నత స్థాయికి చేర్చాడు. అయితే దేశభాషలో గజల్ ముందుగా వికసించినది దక్కనులో. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో, అంటే దక్కనులో వాడుకలో ఉన్న ఉర్దూ రూపంలో, పూర్తి దీవాన్ (కవితల సంపుటి) కూర్చిన కవి. వసంతోత్సవం మీద, మృగశిర కార్తెతో వచ్చే వానల మీద ఆయన కవితలు అల్లాడు. దక్కనీ గజళ్ళు కొన్నింటిలో స్త్రీయే విరహాన్ని చెప్పుకుంటుంది, ఇది మన శృంగార కవిత్వపు పద్ధతి. ఔరంగాబాదుకు చెందిన కవి వలీ దీవాన్ 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరిన తరువాతనే, పారసీలో మాత్రమే రాస్తూ ఉన్న అక్కడి కవులు తమ వాడుక భాష వైపు పెద్దయెత్తున మళ్ళారు. ఉర్దూ కవిత్వం ఢిల్లీ నుంచి మనకు దిగివచ్చిందని అనుకునేవారు ఈ వరుసను ఒకసారి సరిచూసుకోవాలి.

తెలుగులో దాశరథి, సి. నారాయణరెడ్డి గజళ్ళు రాశారు. గాలిబ్‌ను దాశరథి ‘గాలిబ్ గీతాలు’గా తెనిగించారు. గజల్ పేరుతో వచ్చే తెలుగు రచనలను పరీక్షించడానికి పై గీతలే కొలబద్ద. మన పద్యం ప్రాసను పాదంలోని రెండవ అక్షరంలో వెతుక్కుంటుంది కనుక, రదీఫ్‌ను నిలబెట్టి కాఫియాను వదిలేసిన రచనలు మన దగ్గర తరచుగా ఎదురవుతాయి. అవి మంచి గేయాలు కావచ్చు గానీ గజళ్ళు కావు. మొదటి నుంచి చివరి వరకు ఒకే కథను ఆశించడం కూడా పొరపాటు. ఏ షేర్‌కు ఆ షేర్ తనంతట తాను ముక్తకంలా, అంటే విడిపద్యంలా, నిలబడగలగాలి.

ఈ పద్ధతిని తిరగేసి వాడవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. గజల్‌లో రూపం ప్రయాణించింది. కొన్నిచోట్ల వస్తువు ప్రయాణించి రూపం స్థానికంగానే ఉండిపోయింది. 17, 18 శతాబ్దాల సంధికాలంలో ఉమరు పులవర్ తమిళంలో రచించిన ‘సీరాపురాణం’ ఐదువేలకు పైగా పద్యాలలో ప్రవక్త జీవితాన్ని చెబుతుంది గానీ, తమిళ కావ్యమర్యాదను అనుసరించి అరబ్బు దేశాన్ని వానలతో, నదులతో, వరిపొలాలతో వర్ణిస్తుంది. పోషకుడు మాత్రమే మారిన సందర్భాలు మనకు ఇంకా దగ్గరలో ఉన్నాయి. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమయింది; పొన్నికంటి తెలగన అచ్చతెలుగులో రాసిన ‘యయాతి చరిత్రము’ గోల్కొండ ఉద్యోగి అమీన్ ఖాన్‌కు అంకితమయింది. రెండింటి కథలూ మహాభారతానివే, నడక ప్రబంధానిది. కాబట్టి ఏ గ్రంథాన్ని పరిశీలించినా రూపం ఎక్కడిది, వస్తువు ఎక్కడిది, పోషణ ఎవరిది అనే మూడు ప్రశ్నలను కలపకుండా విడివిడిగా వేయాలి.

చదివే క్రమం విషయంలో కాలానుక్రమాన్ని పాటించనక్కరలేదు. ముందు గాలిబ్ మూలాన్ని దాశరథి అనువాదంతో పక్కపక్కన పెట్టి చదవండి. తరువాత వెనక్కి వెళ్ళి వలీని, కులీ కుతుబ్ షాను, ఆపైన అనువాదంలో హాఫిజ్‌ను చూడండి. అరబ్బీ ఖసీదాను చివరకు ఉంచుకుంటే, ఖాళీ అయిన విడిది ముందు నిలబడిన ఆ కవి దుఃఖం ఎంత భాగం గాలిబ్ వరకు అందిందో మీరే షేర్ షేర్‌కూ పోల్చి చెప్పగలుగుతారు.