ఎస్‌టీపీ నీళ్లతో గార్డెన్ తడపాలంటే: అపార్ట్‌మెంట్ వాళ్లు చూసుకోవాల్సినవి

ఎండాకాలం మొదలైందంటే హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ, ట్యాంకర్లకి అంతంత పోసి నీళ్లు కొంటున్నాం, మళ్లీ ఆ లాన్ తడపడం ఎందుకు అని. అదే కాంపౌండ్‌లో ఓ మూల ఎస్‌టీపీ (మురుగునీళ్లని శుద్ధి చేసే ప్లాంటు) నడుస్తానే ఉంటది, ట్రీట్ చేసిన నీళ్లు రోజూ డ్రైనేజీలోకి పోతానే ఉంటాయి. బెంగళూరులో అయితే 2024 మార్చిలో తాగేనీళ్లు మొక్కలకి, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయలు ఫైన్ అని పెట్టేశారు, అక్కడ ఉన్న మనవాళ్లకి బాగా గుర్తుండే ఉంటది. మనం అంతదాకా ఆగక్కర్లేదు, కానీ పైపు తిప్పి గార్డెన్‌లోకి వదిలేస్తే సరిపోయే పని కూడా కాదు ఇది.

ముందు కాకి లెక్క ఒకటి వేసుకోండి. వంద ఫ్లాట్లు, ఫ్లాట్‌కి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకుంటే 54 వేల లీటర్లు. అందులో 80 శాతం దాకా మురుగ్గా తిరిగొస్తుంది, అంటే 43 వేలు. ఫ్లష్‌కి వేరే లైన్ ఉంటే మనిషికి 45 లీటర్ల చొప్పున 18 వేలు అటు పోతాయి, మిగిలేది 25 వేలు. ఇక లాన్‌కి మే నెల ఎండలో చదరపు మీటరుకి సుమారు 5 లీటర్లు కావాలి, ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి 20 వేల లీటర్లు. అంటే వంద ఫ్లాట్ల వాళ్లు ఒక్క చుక్క మంచినీళ్లు పోయకుండా ఎకరం పచ్చగా పెట్టుకోవచ్చు. సగం ఫ్లాట్లు ఖాళీగా ఉంటే ఈ లెక్క కూడా సగమే, అది మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఎస్‌టీపీ నీళ్లు అనగానే అందరూ వాసన గురించి, క్రిముల గురించి భయపడతారు, అవి ఉన్నాయి, వాటికి మందు కూడా ఉంది. మొక్కల్ని చంపేది మాత్రం ఎక్కువగా ఉప్పు. మామూలు ఎస్‌టీపీ ఏ టెక్నాలజీదైనా సరే, ఎంబీబీఆర్ కానీ ఎస్‌బీఆర్ కానీ, కరిగిన ఉప్పుని తీయదు. బోరు నీళ్లలో ఎంత ఉందో అంతా అలాగే వచ్చేస్తది, దానిమీద మన స్నానాలు, డిటర్జెంట్లు, వంటింటి ఉప్పు కలిపి ఇంకొన్ని వందల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క) పెరుగుతది. కంటికి నీళ్లు తేటగానే కనిపిస్తాయి, అదే దీంతో చిక్కు.

అందుకే గార్డెన్ వైపు చూడకముందు ప్లాంట్ రూమ్‌లోకి వెళ్లి వాటర్ సాఫ్టనర్ బ్యాక్‌వాష్ (దాన్ని కడిగిన ఉప్పు నీళ్లు) ఎటు పోతోందో చూడండి. బోరు నీళ్లు గట్టివి కాబట్టి చాలా కమ్యూనిటీల్లో వాటిని మెత్తబరిచే సాఫ్టనర్ ఉంటది, దాన్ని రీజనరేట్ చేయడానికి, అంటే మళ్లీ పనికొచ్చేలా చేయడానికి, ఉప్పు బస్తాలు పోస్తారు. 25 కేజీల బస్తా ఒకటి పోస్తే ఆ ఉప్పంతా చివరికి డ్రెయిన్‌లోకే, ఆ డ్రెయిన్ ఎస్‌టీపీకి కలిపి ఉంటే 40 వేల లీటర్లలో లీటరుకి 625 మిల్లీగ్రాముల ఉప్పు అదనంగా చేరినట్టు. ఆ నీళ్లే సాయంత్రం గులాబీలకి పోస్తున్నాం మనం. ఆ బ్యాక్‌వాష్‌ని, క్లబ్‌హౌస్‌లో పెద్ద ఆర్‌వో ఉంటే దాని వేస్ట్ నీళ్లని ఎస్‌టీపీకి రాకుండా విడిగా డ్రైనేజీకి మళ్లించడం, నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ప్లంబర్‌కి పెద్ద పని కూడా కాదు.

టీడీఎస్ పెన్ను ఒకటి కొని గార్డెన్ ట్యాప్ దగ్గర వారానికోసారి ముంచి చూసి రిజిస్టర్‌లో రాయించండి. 450 లోపు ఉంటే ఏ మొక్కకైనా పర్లేదు. 450 నుంచి 2,000 మధ్యలో ఉంటే, మన దగ్గర చాలావరకు ఇక్కడే ఉంటాయి, మొక్కల్ని చూసి పెట్టుకోవాలి, నీళ్లు పెట్టే పద్ధతి మార్చుకోవాలి. 2,000 దాటితే మంచినీళ్లో వాన నీళ్లో కలిపి పల్చన చేయకుండా పోయొద్దు. సాఫ్టనర్ రీజనరేట్ చేసిన రోజు, చేయని రోజు రెండిట్లో చూడండి, తేడా చూస్తే పైన చెప్పింది మీకే అర్థమైపోద్ది.

పెన్ను చెప్పనివి కొన్నుంటాయి, వాటికి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి శాంపిల్ పంపాలి. పీహెచ్, బీవోడీ (నీళ్లలో ఇంకా మిగిలిన మురుగు ఎంతో చెప్పే లెక్క, లీటరుకి మిల్లీగ్రాముల్లో), సస్పెండెడ్ సాలిడ్స్ (తేలే నలుసులు), ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే క్రిములు) ఎలాగూ చేస్తారు, వాటితోపాటు సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, బోరాన్ కూడా అడిగి చేయించండి, అడక్కపోతే చేయరు. 2017లో కేంద్రం పెట్టిన రూల్ ప్రకారం మెట్రో సిటీల్లో ఎస్‌టీపీ నుంచి బయటికి వదిలే నీళ్లలో బీవోడీ 20 లోపు, ఫీకల్ కోలిఫాం వంద మిల్లీలీటర్లకి 1,000 లోపు ఉండాలి. అది బయటికి వదలడానికి పెట్టిన లెక్క. పిల్లలు దొర్లే లాన్‌కి అది చాలదు, బీవోడీ 10 లోపు, సాండ్ ఫిల్టర్ దాటిన నీళ్లు గాజు గ్లాసులో పోస్తే తాగేనీళ్లలా తేటగా, ఆ తర్వాత క్లోరిన్, అప్పుడే వదలండి. క్రిముల్ని చంపడానికి యూవీ ల్యాంప్ పెట్టుకున్న వాళ్లు కూడా ఉంటారు, నీళ్లు మసగ్గా ఉంటే ఆ వెలుతురు లోపలికి పోదు, కరెంటు ఖర్చు తప్ప ఏం మిగలదు.

వాసన వస్తోందంటే నీళ్లు సరిగ్గా ట్రీట్ అవ్వలేదని. చాలా చోట్ల జరిగేది ఏంటంటే కరెంటు బిల్లు తగ్గిద్దామని రాత్రిపూట ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆపేస్తారు, లోపల మురుగుని తినే బ్యాక్టీరియాకి గాలి అందక చచ్చిపోతది, పొద్దున వాసన మొదలు, ఆ వాసన కప్పడానికి ఆపరేటర్ హైపో (క్లోరిన్ ద్రావణం) డబ్బాలు డబ్బాలు గుమ్మరిస్తాడు. ఆ క్లోరినేమో అమ్మోనియాతో కలిసిపోయి క్రిముల మీద సరిగ్గా పనిచేయదు, ఎక్కువైతే ఆకులు మాడతాయి. బ్లోయర్ సరిచేయకుండా హైపో పెంచితే రెంటికీ చెడ్డ రేవడే. స్విమ్మింగ్ పూల్ దగ్గర వాడే క్లోరిన్ టెస్ట్ కిట్ ఉంటది కదా, చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చేది, దాంతో గార్డెన్ చివరి ట్యాప్ దగ్గర చూస్తే లీటరుకి 0.5 నుంచి 1 మిల్లీగ్రాము మధ్య ఉంటే చాలు.

ట్రీట్ అయిన నీళ్లని ట్యాంకులో రోజుల తరబడి ఉంచొద్దు, ఒకట్రెండు రోజుల్లో వాడేయాలి, మూత గట్టిగా ఉండాలి, లేకపోతే పాచి, దోమలు.

పైపుల సంగతి. గార్డెన్ లైన్ పూర్తిగా వేరే ఉండాలి, రంగు వేరే ఉండాలి. అమెరికాలో ఇలాంటి నీళ్ల పైపులు, వాల్వు మూతలు వంకాయ రంగులో ఉంటాయి, డల్లాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మీ చుట్టాలని అడగండి, పార్కుల్లో చూసే ఉంటారు. మన దగ్గర ఏ రంగైనా పర్లేదు, మంచినీళ్ల పైపు రంగు మాత్రం కాకూడదు. ఇక ఎండాకాలంలో ఎస్‌టీపీ నీళ్లు చాలనప్పుడు బోరు నీళ్లు కలుపుతారు, అప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ రెండు పైపుల్ని వాల్వు పెట్టి డైరెక్ట్‌గా కలపొద్దు, ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) ఉందిలే అని ధీమా వద్దు, దాంట్లో చిన్న రాయి ఇరుక్కున్నా చాలు వెనక్కి కొట్టేస్తది. బోరు పైపు ట్యాంకు పైన ఖాళీలో ఆగాలి, నీటి మట్టం ఎంత పెరిగినా పైపు మూతి మునగకూడదు. ఏడాదికోసారి ఎస్‌టీపీ పంపు ఆపి, గార్డెన్ లైన్‌లో ఉన్న నీళ్లు మొత్తం వదిలేసి, ట్యాప్ తిప్పి చూడండి. ఇంకా ధార వస్తోందంటే ఎక్కడో ఎవరో కలిపారని అర్థం, పట్టుకునేదాకా వదలొద్దు.

ట్యాప్‌ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గార్డెన్ ట్యాప్ దగ్గర నీళ్లు తాగేది ఫ్లాట్ల వాళ్లు కాదు. వాచ్‌మన్ పిల్లలు, డ్రైవర్లు, పెయింటింగ్ పనికొచ్చిన వాళ్లు, మధ్యాహ్నం చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పి చెయ్యి కడుక్కునే వాళ్లు. వాళ్లకి ఇంగ్లిష్‌లో బోర్డు పెడితే ఏం లాభం? తెలుగులో, హిందీలో, చదవడం రాని వాళ్లకి గ్లాసు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి పెట్టండి. అంతకన్నా మేలైంది ట్యాప్ పిడి తీసేసి తాళంచెవితో తిరిగేది పెట్టడం, ఆ కీ మాలి దగ్గరే ఉంటది. దాంతోపాటు కాస్త దూరంలో మంచినీళ్ల ట్యాప్ ఒకటి ఇవ్వండి, దాహం వేసినవాడికి దగ్గర్లో నీళ్లు లేకపోతే ఏ బోర్డూ ఆపలేదు. మాలికి గ్లోవ్స్, బూట్లు, చేతులు కడుక్కోడానికి సబ్బు కమ్యూనిటీయే ఇవ్వాలి, రోజంతా ఆ నీళ్లలో ఉండేది ఆయనే.

నీళ్లు పెట్టడానికి డ్రిప్ మంచిది, తుంపర్లు లేవవు, ఆకుల మీద ఉప్పు పడదు. కాకపోతే ఎస్‌టీపీ నీళ్లలో జిగురు ఉంటది, డ్రిప్పర్లు పూడుకుపోతాయి, అందుకని 120 మెష్ డిస్క్ ఫిల్టర్ పెట్టి తరచూ కడగాలి, లైన్ల చివర మూతలు విప్పి నీళ్లు వదలాలి, మొదట బయటికొచ్చే నల్లటి జిగురు చూస్తే ఎందుకు చెప్పానో తెలుస్తది. లాన్‌కి స్ప్రింక్లర్ తప్పదు, అది రాత్రి పదకొండు తర్వాత మొదలై తెల్లవారుజామున నాలుగు లోపు ఆగిపోయేలా టైమర్ పెట్టండి, పొద్దున వాకింగ్‌కి, ఆటలకి వచ్చేసరికి గడ్డి ఆరిపోవాలి. గ్రౌండ్ ఫ్లోర్ బాల్కనీలు, పిల్లల జారుడుబండలు, సంపు మూతల మీదకి తుంపర పడకుండా హెడ్‌లు తిప్పుకోవాలి.

రోజూ కాస్త కాస్త చిలకరించడం ఉప్పు నీళ్లతో అస్సలు పనికిరాదు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం పై మట్టిలోనే కూర్చుంటది. రెండ్రోజులకోసారో మూడ్రోజులకోసారో వేళ్ల కిందకి దిగేలా తడపండి, అవసరానికి మించి ఓ పది పదిహేను శాతం ఎక్కువే పోయండి, ఆ ఎక్కువే ఉప్పుని కిందకి తోసేది. ఎర్రమట్టిలో ఇది బాగానే జరుగుతది. నల్లరేగడిలో సోడియం ఎక్కువైతే మట్టి బిగుసుకుపోయి నీళ్లు పైనే నిలబడతాయి, అప్పుడు మట్టి పరీక్ష చేయించి జిప్సం వేయాలి. అన్నిటికన్నా కష్టం పోడియం గార్డెన్లకి, సెల్లార్ స్లాబు మీద అడుగో అడుగున్నరో మట్టి పోసి లాన్ వేస్తారు చూడండి, అక్కడ ఉప్పు పోవడానికి దారే ఉండదు స్లాబులోని డ్రెయిన్ రంధ్రాలు తప్ప. అవి పూడుకుపోతే మొక్కలు మాడటం మొదలు, ఇంకో పక్క సెల్లార్‌లో లీకేజీ మొదలు. వానలకి ముందు వాటిని తీయించండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వానే ఏడాది ఉప్పుని ఉచితంగా కడిగేది.

మొక్క ఏం చెప్తోందో ఆకు చూసి తెలుసుకోవచ్చు. ముదురాకుల కొసలు, అంచులు కాగితం కాలినట్టు గోధుమ రంగుకి తిరిగితే అది ఉప్పు. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఐరన్ అందకపోవడం, నూరువరహాల్లో ఇది తెగ కనిపిస్తది, నీళ్ల పీహెచ్ ఎక్కువని అర్థం. మాలీలు రెండిటికీ యూరియానే వేస్తారు, అది వద్దు. ఈ నీళ్లలోనే నత్రజని ఉంటది, లీటరుకి 20 మిల్లీగ్రాములు ఉందనుకుంటే పది వేల లీటర్లు పోసినప్పుడల్లా దాదాపు 430 గ్రాముల యూరియా వేసినట్టే.

ఏవి పెట్టాలి అంటే గన్నేరు, కాగితం పూలు, వేప, కానుగ, ఖర్జూరం జాతి పామ్‌లు, గడ్డిలో బెర్ముడా, ఇవన్నీ తట్టుకుంటాయి. గులాబీ, నిమ్మ, మామిడి తట్టుకోలేవు, వాటికి వేరే నీళ్లు పెట్టండి. కొత్తిమీర, పుదీనా, పాలకూరలాంటివి ఈ లైన్ మీద వేయొద్దు, కమిటీలో కిచెన్ గార్డెన్ ఆలోచన ఎవరికొచ్చినా సరే. తులసికి కూడా వద్దు, ఆకు తెంపి నోట్లో వేసుకునే వాళ్లు ఉంటారు. ఈ నీళ్లతో పెరిగిన పూలు దేవుడికి పెట్టొచ్చా అని ప్రతి జనరల్ బాడీ మీటింగ్‌లో ఒకరు అడుగుతారు, దానికి నా దగ్గర సమాధానం లేదు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఒక పక్క నాలుగు మందారాలు, రెండు నందివర్ధనాలు మంచినీళ్ల లైన్ మీద పెట్టేస్తే మాత్రం ఆ గొడవ అక్కడితో పోతది.

వానాకాలంలో గార్డెన్‌కి నీళ్లు అక్కర్లేదు, ఎస్‌టీపీ మాత్రం రోజూ అంతే ఇస్తది. అప్పుడు టైమర్ ఆపేయడం గుర్తుపెట్టుకోండి, మిగిలింది ఫ్లష్‌కి పోగా సీవరేజ్ లైన్‌లోకి వదలండి. ఇంకుడు గుంతలోకి మాత్రం ఒక్క రోజు కూడా వదలొద్దు, ఎంత తేటగా ఉన్నా సరే. ఆ గుంత పక్కనే మీ బోరు ఉంటది.