పాత ఐపాడ్ అయినా కొత్త వాక్‌మన్ అయినా, కారు స్టీరియోకి కలపడం ఇలా

ఫోన్ ఉండగా మ్యూజిక్ ప్లేయర్ ఎందుకు అని అడిగేవాళ్లు ఒక్కసారి శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లి చూడాలి. సిగ్నల్ పోతుంది, ఆన్‌లైన్‌లో వింటున్న పాట మధ్యలో ఆగిపోతుంది. ప్లేయర్‌లో అయితే పాటలు మన దగ్గరే ఉంటాయి. పైగా మధ్యలో కాల్ వచ్చి పాట ఆగదు, నావిగేషన్ గొంతు అడ్డం రాదు. 2001లో మొదలైన ఐపాడ్‌ని ఆపిల్ 2022 మేలో ఆపేసినా చాలామంది ఇళ్లల్లో అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి, సోనీ వాక్‌మన్, ఫియో లాంటివి కొత్తగా కొనేవాళ్లూ ఉన్నారు. వాటిని కారులో సరిగ్గా కలిపితే ఎంత బాగా వినిపిస్తాయో, ఏదో ఒక వైరు గుచ్చేసి వదిలేస్తే అంత చిరాకు పెడతాయి.

ముందు మీ స్టీరియోకి ఏమేం ఉన్నాయో చూసుకోండి. ముందు భాగంలో ఆక్స్ అని రాసిన గుండ్రటి రంధ్రం ఉందా, యూఎస్‌బీ ఉందా, బ్లూటూత్ గుర్తు ఉందా, పాత బండి అయితే క్యాసెట్ పెట్టే చోటు ఉందా అన్నది తేల్చుకోవాలి. స్టీరియో మీద కనిపించలేదంటే లేదనుకోకండి, కొన్ని కార్లలో ఆక్స్ రంధ్రం గ్లవ్ బాక్స్ లోపలో, హ్యాండ్‌బ్రేక్ పక్కనో, రెండు సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ కిందో ఉంటుంది.

ఆక్స్ ఉంటే ఇంక వేరే ఆలోచన వద్దు, అదే వాడండి. రెండు వైపులా 3.5 మిల్లీమీటర్ల పిన్ ఉన్న కేబుల్ ఒకటి చాలు, మీటరు పొడవు సరిపోతుంది, అంతకంటే పొడవైతే గేర్ రాడ్ దగ్గర చుట్టుకుంటుంది. కొనేటప్పుడు పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే మామూలు స్టీరియో పిన్, మనకి కావాల్సింది అదే. మూడు గీతలుంటే మైక్ కూడా ఉన్న రకం. అది చాలా సెట్లలో పనిచేస్తుంది కానీ కొన్నింటిలో పేచీ పెడుతుంది. ఆ పేచీ ఎలా ఉంటుందంటే, వాయిద్యాలన్నీ దూరంగా డొల్లగా వినిపిస్తుంటాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం దాదాపు మాయమైపోతుంది. గొంతుని సాధారణంగా ఎడమ, కుడి రెండు వైపులా సమానంగా రికార్డ్ చేస్తారు, రెండు వైపులకీ ఉమ్మడి తిరుగు దారి అయిన గ్రౌండ్ తీగ తగలకపోతే రెండు వైపుల మధ్య తేడా మాత్రమే స్పీకర్‌కి చేరుతుంది, అందుకే సమానంగా ఉన్న గొంతు కొట్టుకుపోతుంది. ఇలా జరిగితే ప్లేయర్ పాడైందని కంగారు పడకండి, పిన్ టక్కుమనేదాకా లోపలికి నొక్కండి. ప్లేయర్‌కి మందపాటి కవర్ ఉంటే పిన్ పూర్తిగా దిగదు, కవర్ తీసి చూడండి. అప్పటికీ గొంతు రాకపోతే కేబుల్ మార్చండి.

ఇప్పుడు వాల్యూమ్. మంచి కేబుల్ కొని కూడా సౌండ్ బాగాలేదనేవాళ్లలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్లేయర్‌లో సౌండ్ సగానికి పెట్టి స్టీరియోలో బాగా పెంచితే పాటతోపాటు ఆ తీగలో ఉన్న సుయ్‌మనే శబ్దం కూడా పెరుగుతుంది. అలాగని ప్లేయర్‌ని చివరిదాకా పెంచితే కొన్నింటిలో డప్పు, బేస్ వచ్చిన చోట చిరిగినట్టు వినిపిస్తుంది. కాబట్టి స్టీరియోని మీరు రోజూ ఎఫ్‌ఎం వినే లెవెల్లో ఉంచి, మీకు బాగా తెలిసిన, బేస్ గట్టిగా ఉన్న పాట పెట్టి, ప్లేయర్‌ని మెల్లగా పెంచుకుంటూ 80, 85 శాతం దగ్గర ఆపండి. చిరుగుడు వినిపిస్తే కాస్త తగ్గించండి. అక్కడితో ప్లేయర్ వాల్యూమ్ జోలికి వెళ్లకండి, పెంచడం తగ్గించడం అంతా స్టీరియో దగ్గరే. ఐపాడ్ ఎంత పెంచినా సౌండ్ తక్కువగానే ఉంటే సెట్టింగుల్లో వాల్యూమ్ లిమిట్ ఎవరైనా పెట్టారేమో చూడండి. స్టీరియోలో కూడా ఆక్స్ లెవెల్ పెంచే సెట్టింగ్ విడిగా ఉండొచ్చు, పయనీర్ సెట్లలో దాన్ని ఎస్‌ఎల్‌ఏ అంటారు. ఈక్వలైజర్ మాత్రం ఏదో ఒకచోటే పెట్టుకోండి. రెండు చోట్లా బేస్ పెంచితే కారు తలుపులు అదురుతాయి తప్ప పాట వినిపించదు.

ఇంకా బాగా కావాలంటే లైన్ అవుట్ ఉంది. ఐపాడ్ క్లాసిక్ కింద ఉండే వెడల్పాటి 30 పిన్నుల రంధ్రంలో పెట్టే లైన్ అవుట్ కేబుల్ దొరుకుతుంది, అది వాల్యూమ్ కంట్రోల్‌తో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో సిగ్నల్ పంపిస్తుంది. కొన్ని కొత్త ప్లేయర్లలో లైన్ అవుట్ అనే ఆప్షన్ మెనూలోనే ఉంటుంది, హెడ్‌ఫోన్ జాక్ నుంచే వస్తుంది. అలాంటిది వాడితే ఒక్క జాగ్రత్త, కారు దిగి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే ముందు ఆ ఆప్షన్ తీసేయండి. లేదంటే పూర్తి సౌండ్ ఒక్కసారిగా చెవుల్లో పడుతుంది.

ఇక అందరినీ ఏడిపించే కూత సంగతి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నగా కూయ్‌మని మొదలై, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కూత పైకి పోతుంటే అది ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం, దాని నుంచి వస్తున్న శబ్దం. పరీక్ష చాలా తేలిక, ప్లేయర్‌కి పెట్టిన కారు ఛార్జర్ పీకేయండి. కూత ఆగిందా, అయితే కారణం ఛార్జింగే. ప్లేయర్ అప్పటిదాకా రెండు దారుల్లో గ్రౌండ్‌కి కలిసి ఉంది, ఒకటి ఆక్స్ కేబుల్ ద్వారా స్టీరియోకి, ఇంకొకటి ఛార్జర్ ద్వారా సిగరెట్ లైటర్ సాకెట్‌కి. ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజ్ తేడా వల్ల కరెంటు ఆక్స్ కేబుల్ గ్రౌండ్ గుండా పారుతుంది, దాన్నే స్టీరియో పాటతో కలిపి వినిపిస్తుంది. ఇంటి దగ్గరే ఫుల్ ఛార్జ్ చేసుకుని బ్యాటరీ మీద వినడం అన్నిటికంటే మంచి మందు. దూర ప్రయాణమైతే పవర్ బ్యాంక్ నుంచి ఛార్జ్ పెట్టండి, ఆ పవర్ బ్యాంక్‌ని మళ్లీ కారు సాకెట్‌కి గుచ్చకూడదు. అదీ కుదరకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, ఆక్స్ కేబుల్ మధ్యలో పెట్టుకోవాలి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి పాటని దాటిస్తాయి, గ్రౌండ్ దారిని తెంచేస్తాయి. మరీ చవక రకం అయితే బేస్ కాస్త పల్చబడుతుంది, అందుకే అవసరం లేకుండా పెట్టొద్దంటాను. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి అడగండి, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి.

ఛార్జర్ తీసినా కూత పోలేదంటే లోపం చాలావరకు స్టీరియో గ్రౌండ్ వైరు దగ్గర ఉంటుంది, ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి. కేబుల్ స్టీరియోకి పెట్టి రెండో చివర ఖాళీగా వేలాడుతున్నప్పుడు వచ్చే గుర్రుమనే శబ్దం మాత్రం మామూలే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

యూఎస్‌బీ రంధ్రం చూడగానే ప్లేయర్ గుచ్చేస్తాం, కానీ స్టీరియో దాన్ని చదవాలంటే ప్లేయర్ మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపించాలి. ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ స్టోరేజ్ మోడ్ ఉంటే అది పెట్టండి. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లు ఫైళ్లు పంపడానికి ఎంటీపీ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి, చాలా స్టీరియోలకి అది అర్థం కాదు. మెమరీ కార్డ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్నా ఇదే గొడవ, 64 జీబీ, ఆపైన కార్డులు మామూలుగా ఆ ఫార్మాట్‌లోనే వస్తాయి, కార్ల సెట్లు ఎక్కువగా ఫ్యాట్32నే చదువుతాయి. పాటల్ని ఇంకోచోట దాచుకున్నాకే ఫార్మాట్ మార్చండి. ఎంపీ3 దాదాపు అన్నిటిలో పాడుతుంది, నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లు మాత్రం సెట్‌ని బట్టి. నిజం చెప్పాలంటే యూఎస్‌బీ ఒక్కటే ఉన్న కారుకి పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడమే సుఖం.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కారు ఆపి ఉంచి జత చేయండి, కోడ్ అడిగితే 0000 గానీ 1234 గానీ ప్రయత్నించండి. చాలా సెట్లు కాల్స్ కోసం ఫోన్‌ని, పాటల కోసం ప్లేయర్‌ని విడివిడిగా పెట్టుకోనిస్తాయి, మెనూలో వెతకండి. ఐపాడ్ క్లాసిక్‌కి బ్లూటూత్ లేదు కాబట్టి దాని జాక్‌కి చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలించాలి.

వీటిలో ఏదీ లేని పాత బండ్లకి రెండు దారులు. క్యాసెట్ ప్లేయర్ ఉంటే క్యాసెట్ అడాప్టర్ కొనండి, చూడటానికి క్యాసెట్ లాగే ఉండి తోకలా వైరు ఉంటుంది. అందులోని చిన్న హెడ్, డెక్‌లో అంటే క్యాసెట్ ప్లేయర్‌లో టేపు చదివే హెడ్‌కి ఎదురుగా నిలిచి అయస్కాంత క్షేత్రంతో పాటని అందిస్తుంది. సౌండ్ ఒకవైపే వస్తున్నా, డెక్ పదేపదే సైడ్ మారుస్తున్నా డైరెక్షన్ బటన్ నొక్కి చూడండి. డెక్ హెడ్‌ని స్పిరిట్‌తో తుడిస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

క్యాసెట్ కూడా లేకపోతే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, నా లెక్కలో అది ఆఖరి దారి. ఎఫ్‌ఎంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దాలు రావు, పైగా స్టేషన్లతో పోటీ. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9 అన్నీ నిండి ఉన్నాయి, వాటి పక్క నంబర్లు కూడా వాడకండి. 88, 108కి దగ్గర్లో ఉన్న అంచుల్లో ఖాళీ వెతకండి, రేడియోలో ఉత్త గరగర తప్ప ఏమీ వినిపించని చోటే ట్రాన్స్‌మిటర్‌ని పెట్టాలి. హైదరాబాద్‌లో ఖాళీగా ఉన్న నంబర్ విజయవాడలో ఖాళీగా ఉండాలని లేదు, ఊరు మారితే మళ్లీ వెతుక్కోవాలి.

స్టీరియో వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలు ఉంటే 3.5 నుంచి ఆర్‌సీఏ కేబుల్‌తో కలపొచ్చు, ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి. అక్కడ ఇన్‌పుట్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, కొన్ని సెట్లలో అవి ఆంప్లిఫైయర్‌కి వెళ్లే అవుట్‌పుట్లు. సెట్ బయటికి లాగే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయాలి, కానీ కరెంటు పోతే కోడ్ అడిగే సెట్లు కొన్ని ఉన్నాయి, ఆ కోడ్ దగ్గర లేకుండా పని మొదలుపెట్టకండి.

ప్లేయర్‌ని మాత్రం డ్యాష్‌బోర్డు మీద వదిలి దిగకండి. మే నెలలో రెంటచింతల వైపు ఎండలో నిలిపిన కారు లోపల లిథియం బ్యాటరీ ఉబ్బిపోవడం ఖాయమనే అనుకోండి. 45 డిగ్రీలు దాటిన చోట ఐపాడ్‌ని ఉంచొద్దని ఆపిల్ ఎప్పుడో చెప్పింది, అద్దాలు మూసిన కారు దాన్ని ఇట్టే దాటేస్తుంది. పాటల వరుస బయల్దేరే ముందే పెట్టేసుకోండి, మధ్యలో మార్చాలంటే పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఇవ్వండి, ఎవరూ లేకపోతే బండి పక్కకి ఆపండి.