పని పట్టికలో లేని సాయం: 4వ పాఠం

మీ ఆఫీసులో అడగకుండానే ఎవరు ఎవరికి సాయపడుతున్నారో వారం పాటు గమనించి రాసిపెట్టమని పోయిన పాఠంలో చెప్పాను. వచ్చిన జాబితాలన్నీ దాదాపు ఒకే తీరు: ‘రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నారు’, ‘ఆదివారం కూడా వచ్చారు’. పై అధికారి కదిలేదాకా లేవలేక కూర్చున్నవారిని కూడా అందులో కలిపేశారు. కొందరు వాటికి మార్కులు కూడా వేశారు. అందుకే కొత్త విషయం వచ్చే వారానికి వాయిదా.

ఉద్యోగంలో ఇలాంటి అదనపు సాయం గురించి పరిశోధకుడు డెనిస్ ఆర్గన్ 1988లో చెప్పిన ఐదు రకాలు గుర్తు చేసుకోండి: తోటివారికి సాయం, ముందుగా కబురు చెప్పే మర్యాద, నియమాన్ని మించిన శ్రద్ధ, చిన్న ఇబ్బందుల పట్ల ఓర్పు, సంస్థ మంచిచెడ్డల్లో పాలుపంచుకోవడం. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది రెండోది. రేపు కంప్యూటర్లు ఆగుతాయని ఇవాళే చెప్పే మనిషి ఉంటే గొడవే పుట్టదు. మీ జాబితాల్లో అలాంటివారు ఒక్కరూ లేరు.

ఇక అసలు చిక్కు. నవంబరులో ఒక బ్యాంకు శాఖను ఊహించుకోండి. పింఛనుదారులు తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసి జీవన ప్రమాణ పత్రం ఇవ్వాల్సిన నెల అది. వయసుతో అరిగిన వేలిముద్రలను యంత్రం పట్టదు. నగదు కౌంటరులో ఉండే ఉద్యోగిని తన వరుస ఖాళీ కాగానే లేచి వచ్చి, పెద్దాయన వేలు తుడిచి మళ్లీ పెట్టిస్తుంది. కుదరకపోతే ఇంకో వేలు. అదీ కాకపోతే ఫోను కెమెరాలో ముఖం చూపించి పని పూర్తి చేయిస్తుంది. ఇది సాయం.

మరుసటి ఏడాది అక్టోబరులోనే మేనేజరు ‘ఈసారీ మీరే చూసుకోవాలమ్మా’ అంటారు. ఆ మాటతో అది డ్యూటీ అయిపోయింది. కౌంటరు పని మాత్రం తగ్గలేదు. సాయంత్రం నగదులో తేడా వస్తే సంజాయిషీ ఆమే ఇవ్వాలి. పేరుకు ఇష్టపూర్వకం, నిజానికి నిర్బంధమైన ఇలాంటి పని గురించి 2006లో పరిశోధకుడు ఎరాన్ విగోడా-గాడొట్ హెచ్చరించారు. ఆ పని శాఖకు అవసరమే అయితే రాతపూర్వకంగా అప్పగించాలి, అన్ని గంటలు ఆమెను కౌంటరు నుంచి తప్పించాలి.

తేడా పట్టుకోవడానికి నేను వాడేది ఒకటే ప్రశ్న: చేయకపోతే ఎవరైనా సంజాయిషీ అడుగుతారా? ముఖం చిట్లించినా అడిగినట్టే. చేసినవారికి మార్కులు వేసినా అంతే, చేయనివారికి అది కోతే.

అభ్యాసం: పాత జాబితాలోని ప్రతి పంక్తికీ ఈ ప్రశ్న వేయండి. ‘అడుగుతారు’ అని తేలిన వాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ఆ పని చేస్తున్న మనిషితో కూర్చుని, మానేయడమా, వేళలతో సహా డ్యూటీగా రాసివ్వడమా అన్నది తేల్చండి. మేనేజరు మీరే అయితే ఆ సంభాషణ మీరే మొదలుపెట్టాలి.