గుర్రాన్ని పెంచదలచినవారికి నా గుర్రాలు నేర్పిన పాఠాలు

నా దగ్గర ఒక కఠియావాడీ (గుజరాత్ ప్రాంతపు జాతి) ఆడగుర్రం, పందాలు మానిన ఒక థరోబ్రెడ్ (పందాల కోసం పెంచే జాతి) గుర్రం, ఒక నాటు తట్టు పెరిగాయి. నొప్పిని వీలైనంత వరకు బయటపడనివ్వకపోవడం గుర్రం స్వభావమని, అందుచేత అది ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే దాని తిండిని, నడకను, లద్దెను, చెవుల కదలికను యజమాని కంఠస్థం చేసుకోవాలని ఆ మూడూ నాకు నేర్పాయి.

కొనేటప్పుడు మన వైపు చాలామంది ముందుగా సుడులు చూస్తారు. ఆ నమ్మకం ఉన్నవారు చూసుకోవచ్చు గాని, గిట్టలు, పళ్లు, నడక పరిశీలించకుండా బేరం కుదుర్చుకోవడం తగదని నా అభిప్రాయం. గట్టి నేల మీద ట్రాట్‌లో, అంటే నడకకు, దౌడుకు మధ్య వేగంలో, సూటిగా పరుగెత్తించి చూడండి. ముందుకాలిలో నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకెత్తుతుంది.

మేత విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. గుర్రం జీర్ణాశయం దాని శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, సుమారు 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. పైగా మేత ఉన్నా లేకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అందువల్ల రెండు పూటలా తొట్టి నిండా దాణా పోసి మిగతా సమయమంతా ఖాళీగా కట్టివేయడం హానికరం. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత రోజంతా కొద్దికొద్దిగా అందాలి. వరిగడ్డి ఒక్కటే వేస్తే పోషణ చాలదు. ఉలవలు నానబెట్టి, ఉడికించి, కొద్ది మోతాదులో పెట్టవచ్చు. ఏ కొత్త మేతనైనా వారం పది రోజులలో క్రమంగా అలవాటు చేయాలి. కోళ్ల దాణాను మాత్రం దరిదాపుల్లో ఉంచకండి. అందులో కలిపే మొనెన్సిన్ అనే మందు కోళ్లకు పనికివచ్చినా, స్వల్ప మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీయగలదు.

గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కావడానికి ఇదొక ముఖ్య కారణం. పొట్టవైపు తిరిగి చూడటం, ముందుకాలితో నేల గీరడం, పదేపదే పడుకుని లేవడం, లద్దె వేయకపోవడం అందరికీ తెలిసిన లక్షణాలు. మా కఠియావాడీకి కడుపునొప్పి వచ్చిన సాయంత్రం వీటిలో ఒక్కటీ కనిపించలేదు. దాణా తొట్టి చప్పుడు వినగానే కొనలు రెండూ తాకేలా లోపలికి వంగే దాని చెవులు ఆ రోజు పక్కలకు వాలిపోయి ఉన్నాయి, అంతే. దవడ ఎముక లోపలి అంచున వేలు ఆనించి నాడి చూస్తే నిమిషానికి 60 దాటింది. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి ఉండవలసినది 28 నుంచి 44. ఇటువంటప్పుడు మేత తీసివేసి వెంటనే పశువైద్యుడిని పిలవాలి. లద్దె జారడానికి నూనె అవసరమైతే వైద్యుడే ముక్కు ద్వారా గొట్టం వేసి ఎక్కిస్తాడు. మనం నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మీ గుర్రం నాడిని, ఉష్ణోగ్రతను మామూలు రోజుల్లో కొలిచి, శాల గోడ మీద రాసి ఉంచుకోండి. ఉష్ణోగ్రత సాధారణంగా 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది.

థరోబ్రెడ్ వచ్చిన కొత్తలో తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి అటూ ఇటూ ఊగేది. గుర్రం మందలో బతికే జీవి. ఒంటరితనం, ఖాళీ తొట్టి దానికి ఇటువంటి అలవాట్లు తెచ్చిపెడతాయి. తట్టును ఎదురుగా కట్టి, మేత ఎప్పుడూ అందేలా చేసిన తరువాత ఆ ఊగడం బాగా తగ్గింది. ఒకే గుర్రాన్ని పెంచేవారు కనీసం ఒక మేకనైనా తోడుగా ఉంచడం మంచిది.

గిట్టలను రోజూ మడమ నుంచి కొనవైపు శుభ్రం చేయాలి, 6 నుంచి 8 వారాలకొకసారి చెక్కించాలి. వానాకాలంలో అడుగున త్రికోణాకారంలో ఉండే మెత్తని భాగం నల్లబడి దుర్వాసన వేస్తే శాల నేల తడిగా ఉందని అర్థం. మందుతో పాటు నేలను కూడా ఆరబెట్టాలి.

ధనుర్వాతం గుర్రాలకు చాలా సులభంగా సోకుతుంది, మేకు గుచ్చుకున్న చిన్న గాయం చాలు. టీకా ఏటా తప్పనిసరిగా వేయించండి. పశువైద్యులలో గుర్రాలకు చికిత్స చేసే అనుభవం ఉన్నవారు తక్కువ కనుక, అటువంటి వైద్యుడు ఎవరో, రాత్రివేళ ఎంతసేపట్లో రాగలడో గుర్రం ఇంటికి రాకముందే మాట్లాడి ఉంచుకోండి.