విద్యుత్ మార్కెట్ మోడల్‌ను తయారుచేసుకోవడం ఎలా?

ఏ గంటలో ఏ కేంద్రం ఎంత విద్యుత్తు ఉత్పత్తి చేస్తుంది, ఏ లైనులో ఎంత ప్రవహిస్తుంది, చివరికి ధర ఎంత పలుకుతుంది అన్న మూడింటినీ ఒకే లెక్కలో తేల్చేదే విద్యుత్ మార్కెట్ మోడల్. ఈ పనికి పూనుకునేవారిలో చాలామంది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలనే అడుగుతారు. ఆ ప్రశ్న వంతు మూడో అడుగులో వస్తుంది.

1. ప్రశ్నను ఒకే వాక్యంలో రాసుకోండి

రేపటి ధర కావాలా, రాబోయే ఇరవై ఏళ్లలో ఏ రకం కేంద్రాలు ఎంత మేరకు కట్టాలో తెలియాలా, ఒక బ్యాటరీ ఏటా ఎంత ఆర్జిస్తుందో చూడాలా అన్నదాన్ని బట్టి మోడల్ రూపమే మారిపోతుంది. రేపటి ధరకు కేంద్రంలోని ఒక్కో ఉత్పత్తి యూనిట్‌ను ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ముఖ్యం. దీర్ఘకాలిక ప్రణాళికలో ప్రతి ఏడాదికీ 8,760 గంటల చొప్పున లెక్కించడం భారమవుతుంది కాబట్టి, సాధారణంగా ఏడాది మొత్తానికి నమూనాగా నిలిచే కొన్ని ప్రాతినిధ్య దినాలను ఎంచుకుంటారు. బ్యాటరీకి సగటు ధరతో పెద్దగా పని లేదు. ఒకే రోజులో ధర ఎంత దిగి ఎంత ఎక్కుతుందన్నదే దాని రాబడి.

2. డేటాను సమకూర్చుకోండి

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఒక్కో థర్మల్ కేంద్రానికి సామర్థ్యం, ఇంధన దక్షత, కనిష్ఠ లోడు, స్టార్టప్ ఖర్చు, ఉత్పత్తిని పెంచే తగ్గించే వేగం, మరమ్మతుల కాలం కావాలి. వీటి నుంచి ఉపాంత వ్యయం, అంటే మరో మెగావాట్-గంట విద్యుత్తు ఉత్పత్తికి అయ్యే అదనపు ఖర్చు, ఎలా వస్తుందో చూడండి. గ్యాస్ కేంద్రం దక్షత 50 శాతమైతే ఒక మెగావాట్-గంట విద్యుత్తుకు రెండు మెగావాట్-గంటల గ్యాస్ కావాలి. గ్యాస్ ధర మెగావాట్-గంటకు 30 (కరెన్సీ ఏదైనా సరే) అనుకుంటే ఇంధనానికే 60 అవుతుంది. నిర్వహణకు 2, కర్బన రుసుముకు 20 కలిపితే మొత్తం 82.

గిరాకీ, గాలి, ఎండల గంటవారీ లెక్కలను ఒకే ఏడాది వాతావరణం నుంచి తీసుకోవాలి. చలి పెరిగి, గాలి పడిపోయి, అందరూ హీటర్లు వేసుకున్న సాయంత్రమే వ్యవస్థకు అసలు పరీక్ష. గిరాకీని ఒక ఏడాది నుంచి, గాలిని మరో ఏడాది నుంచి తెచ్చి అతికిస్తే ఆ సంబంధం తెగిపోయి, కొరత గంటలు మోడల్‌లో కనిపించకుండా పోవచ్చు. గత వాతావరణానికి 1940 నుంచి గంటవారీ వివరాలున్న ఈఆర్‌ఏ5 డేటా అందరికీ అందుబాటులో ఉంది.

3. పనిముట్టును ఎంచుకోండి

వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లలో ప్లెక్సోస్ పేరున్నది. ఓపెన్ సోర్స్‌లో పైథాన్‌తో రాసిన పైప్సా, జూలియాతో రాసిన జెన్‌ఎక్స్ ఉన్నాయి. వెనుక లెక్క చేసే సాల్వర్ వేరు: హైస్ ఉచితం, గురోబి, సీప్లెక్స్ వాణిజ్యపరమైనవి. పెద్ద సమస్యల్లో వాణిజ్య సాల్వర్ల వేగం ఎక్కువే. అయినా వచ్చే ఏడాది ఈ మోడల్‌ను ఎవరు నడుపుతారన్నదే నా దృష్టిలో ముందు తేల్చవలసిన విషయం.

4. చిన్న మోడల్‌తో మొదలుపెట్టండి

ఖర్చు సున్నా అయిన గాలిమరల విద్యుత్తు 300 మెగావాట్లు, 40 ఖర్చుతో బొగ్గు 400, పైన లెక్కించిన 82 ఖర్చుతో గ్యాస్ 400 ఉన్నాయనుకోండి. చౌకైనవాటితో మొదలుపెట్టి నడుపుతూ పోతే, చివరగా అవసరమైన కేంద్రం ఖర్చే ఆ గంటకు ధర అవుతుంది. గిరాకీ 900 అయితే చివరి 200 గ్యాస్ ఇవ్వాలి, ధర 82. గిరాకీ 650కి తగ్గితే గాలి, బొగ్గులతోనే సరిపోతుంది, ధర 40. కాగితం మీద వచ్చిన ఈ జవాబే సాఫ్ట్‌వేర్‌లోనూ రావాలి. అది కుదిరాకే కేంద్రాల సంఖ్య పెంచి, లైన్ల పరిమితులు చేర్చండి; లైను నిండిపోయినప్పుడు దాని రెండు చివర్లా ధరలు వేర్వేరుగా రావడం మొదలవుతుంది. లైన్ల ప్రవాహానికి సాధారణంగా వాడే సరళ పద్ధతి వోల్టేజీని పట్టించుకోదు కాబట్టి, వోల్టేజీ స్థిరత్వం గురించి ఈ మోడల్‌ను అడగకూడదు.

5. గతంతో పోల్చండి

గడిచిన ఏడాది ఇంధన ధరలు, ఆగిపోయిన యూనిట్ల వివరాలు ఇచ్చి నడిపి, వచ్చిన ధరలను మార్కెట్‌లో నమోదైన ధరలతో సరిచూడండి. సగటు కలిసినంత మాత్రాన తృప్తి పడకూడదు. అత్యంత ఖరీదైన గంటలు, ధర సున్నా కంటే దిగిన గంటలు కూడా కలవాలి. చాలా మోడళ్లు వాస్తవం కంటే నునుపైన ధరలు ఇస్తాయి, ఎందుకంటే వాటికి ఏడాదంతా గాలి ఎప్పుడు వీస్తుందో ముందే తెలుసు. రెండు రోజుల ముందుచూపు మాత్రమే ఇచ్చి, రోజురోజుకూ ముందుకు జరుపుతూ లెక్కించడం ఇందుకు ఒక మందు. ధరలన్నిటికీ ఒకే మొత్తం కలిపి సరిపెట్టడం మాత్రం లోపాన్ని దాచడమే.

6. కన్సల్టెంట్లకు అప్పగిస్తున్నట్లయితే

నివేదికతో పాటు ఇన్‌పుట్ ఫైళ్లు మీ చేతికి రావాలని, పోలిక ఫలితాలు చూపాలని ఒప్పందంలోనే రాయించుకోండి. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు ధరల గీతలు ఇస్తే, వాటికి సంభావ్యతలేవీ లేవని గుర్తుంచుకోండి. అవి ఊహాచిత్రాలు మాత్రమే. మోడల్‌ను అంగీకరించేముందు గ్యాస్ ధరను పది శాతం పెంచి మీ ఎదుటే నడపమనండి. పై ఉదాహరణలో గ్యాస్ కేంద్రం విద్యుత్ ధరను నిర్ణయించే గంటల్లో 82 కాస్తా 88 కావాలి, బొగ్గు కేంద్రం నిర్ణయించే గంటల్లో కదలిక ఉండకూడదు. ఇంకేదైనా వస్తే కారణం వాళ్లు వివరించాలి.