బిజినెస్ మాస్టర్స్‌కి అమెరికా ఎఫ్-1 వీసా: దరఖాస్తు విధానం, ముందుగా డబ్బు లెక్క

ఎంబీఏ, ఫైనాన్స్ మాస్టర్స్, బిజినెస్ అనలిటిక్స్ లాంటి వాటికి అమెరికా అడ్మిట్ రాగానే అందరూ అడిగే మొదటి మాట, వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఎప్పుడు దొరుకుద్ది అని. స్లాట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు డబ్బు లెక్క తేల్చుకోండి, ఎందుకంటే ఎఫ్-1 అనే ఈ స్టూడెంట్ వీసా దరఖాస్తులో ప్రతి కాగితం చివరికి ఒక్క అంకె చుట్టూనే తిరుగుద్ది, ఆ అంకె, అంటే మొదటి ఏడాది ఖర్చు, యూనివర్సిటీ మీకిచ్చే ఐ-20 అనే పత్రం మొదటి పేజీలో ఉంటది. బ్యాంక్ కాగితాలు, లోన్ లెటర్, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారంలో రాసింది, ఇంటర్వ్యూ కౌంటర్ దగ్గర మీరు నోటితో చెప్పేది, ఈ నాలుగూ ఆ అంకెతో కలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఐ-20 చేతికి రావాలంటే

అడ్మిట్ లెటర్‌తో వీసాకి అప్లై చేయడం కుదరదు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ అని ఉంటారు, వాళ్ళు సెవిస్ అనే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో మీ వివరాలు ఎక్కించి ఐ-20 ఇస్తారు, అది ఇవ్వాలంటే కనీసం మొదటి సంవత్సరం ఖర్చుకి సరిపడా డబ్బు ఉందని వాళ్ళకి చూపించాలి. పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ లేదా బ్యాలెన్స్ సర్టిఫికెట్, లోన్ ఉంటే సాంక్షన్ లెటర్, డబ్బు అమ్మానాన్నలది అయితే వాళ్ళ సంతకంతో స్పాన్సర్ లెటర్, ఇవన్నీ యూనివర్సిటీ పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తే ఐ-20 పీడీఎఫ్ మెయిల్‌కి వచ్చేస్తది. ప్రింట్ తీసి మొదటి పేజీలో సంతకం పెట్టడం మర్చిపోవద్దు. ఐ-134 అఫిడవిట్ (ఖర్చు నేను భరిస్తానని స్పాన్సర్ రాసిచ్చేది) కూడా ఉండాలి అని కొందరు భయపెడతారు గానీ స్టూడెంట్ వీసాకి అది అక్కర్లేదు, యూనివర్సిటీ తన సొంత ఫారం ఇస్తే అది నింపితే చాలు.

ఇప్పుడు ఆ మొదటి పేజీ కింద భాగం చూడండి. ఎడమ పక్క అంచనా ఖర్చు, కుడి పక్క మీరు చూపించిన డబ్బు ఉంటాయి. ఉదాహరణకి ఎడమ పక్క ట్యూషన్ 42,000 డాలర్లు, లివింగ్ 18,000, ఇన్సూరెన్స్ లాంటివి 3,000, మొత్తం 63,000 అని ఉందనుకోండి. కుడి పక్క యూనివర్సిటీ స్కాలర్‌షిప్ 8,000, సొంత ఫండ్స్ 55,000. ఆ 55,000లో 40,000 లోన్, 15,000 ఇంట్లో దాచింది అయితే మీ దగ్గరున్న కాగితాలు కూడా సరిగ్గా అదే చెప్పాలి. ఇక్కడ చాలామంది గమనించనిది ఇంకోటి, ఆ అంచనా ఎన్ని నెలలకి వేశారో పైనే రాసుంటది, చాలా యూనివర్సిటీలు 9 నెలలకే వేస్తాయి, అంటే వేసవి మూడు నెలల అద్దె, తిండి ఆ లెక్కలో లేనట్టే. రెండేళ్ళ కోర్సు అయితే 63,000ని రెండుతో గుణించి ఊరుకోకుండా మధ్యలో వచ్చే వేసవి, అపార్ట్‌మెంట్ డిపాజిట్, ఫ్లైట్ ఖర్చు కలుపుకోండి, డాలర్ రేటు పెరిగితే తట్టుకోవడానికి కొంచెం చేతిలో ఉంచుకోండి.

ఐ-20 వచ్చాక స్కాలర్‌షిప్ పెరిగినా, కోర్సు మారినా, డీఎస్ఓకి మెయిల్ పెట్టి అప్‌డేట్ చేసిన ఐ-20 తీసుకోండి. బిజినెస్ స్కూళ్ళలో స్కాలర్‌షిప్ ఎక్కువగా అడ్మిషన్‌తో పాటే వస్తది, ఇంజినీరింగ్ వాళ్ళకి దొరికినట్టు అసిస్టెంట్‌షిప్‌లు దొరకవు, అందుకని అడిగేదేదో సీట్ డిపాజిట్ కట్టక ముందే అడగండి, కట్టేశాక మన మాటకి బరువు తగ్గిపోద్ది.

అదే పేజీలో కోర్సు పేరు పక్కన అది ఏ విభాగం కిందకి వస్తదో చెప్పే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటది. బిజినెస్ వాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం. చదువయ్యాక ఓపీటీ అనే వర్క్ పర్మిషన్ మీద 12 నెలలు పని చేసుకోవచ్చు, కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు. 52.0201 అనే మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ ఆ జాబితాలో లేదు, 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్ ఉంది, 52.1302 బిజినెస్ స్టాటిస్టిక్స్ ఉంది, 30.7102 బిజినెస్ అనలిటిక్స్ ఉంది. బ్రోషర్‌లో పేరు ఎంత టెక్నికల్‌గా ఉన్నా కోడే లెక్క, పేరు కాదు. లోన్ తీర్చే ప్లాన్ అంతా మూడేళ్ళ అమెరికా జీతం మీద వేసుకుని కోడ్ చూసుకోకపోతే ఆ ప్లాన్‌కి కాళ్ళు ఉండవు. అలాగని వీసా ఇంటర్వ్యూలో ఓపీటీ గురించి మీ అంతట మీరు మొదలుపెట్టకండి, అక్కడ అడిగేది చదువు గురించి.

డబ్బు కాగితాలు

లోన్ తీసుకునేవాళ్ళు ఇన్-ప్రిన్సిపల్ లెటర్‌కీ సాంక్షన్ లెటర్‌కీ తేడా తెలుసుకోవాలి. మొదటిది ఇవ్వొచ్చేమో అన్న మాట, రెండోది ఇస్తున్నాం అన్న మాట, వీసాకి పనికొచ్చేది రెండోదే. ఐబీఏ (బ్యాంకుల సంఘం) మోడల్ స్కీమ్ ప్రకారం విదేశీ చదువుకి 4 లక్షలు దాటిన లోన్‌లో 15 శాతం మార్జిన్, అంటే సొంత వాటా, మీరు పెట్టుకోవాలి, అంటే బ్యాంకు మొత్తం ఇస్తుందనుకుని కూర్చుంటే ఆ 15 శాతం చివర్లో మెడ మీదకి వస్తది. కో-అప్లికెంట్ ఐటీ రిటర్న్స్, తనఖా పెట్టే ఆస్తి కాగితాలు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, వీటికి పట్టే టైమే ఎక్కువ కాబట్టి అడ్మిట్ కోసం ఎదురుచూస్తున్నప్పుడే కాగితాలు బయటికి తీయండి. చదువుకునే కాలంలో ఈఎంఐ ఉండకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటది. కట్టిన వడ్డీకి ఆదాయపు పన్నులో 8 ఏళ్ళ వరకు మినహాయింపు ఉంది, అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే.

సొంత డబ్బు చూపించేవాళ్ళకి ఒకటే మాట, అకౌంట్‌లోకి నిన్న వచ్చిన పెద్ద మొత్తం కన్నా ఎప్పట్నుంచో ఉన్న చిన్న మొత్తం నయం. పొలం అమ్మితే ఆ రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకోండి, అంతే, అందులో దాచాల్సింది ఏం లేదు. కమీషన్ తీసుకుని నాలుగు రోజులు అకౌంట్‌లో డబ్బు వేసి స్టేట్‌మెంట్ తీసిచ్చే బ్యాచ్ జోలికి మాత్రం పోకండి, తప్పుడు పత్రం అని తేలితే ఆ ఒక్క వీసాతో పోదు, అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోయే సెక్షన్ ఉంది. క్యాంపస్ జాబ్ చేసి ఫీజు కట్టేస్తా అని కూడా లెక్క వేసుకోవద్దు, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చేయనిస్తారు, దాంతో అద్దె, కిరాణా గట్టెక్కితే గొప్ప.

ఫీజులు, ఫారం, స్లాట్

ఐ-20 మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ ఐడీ ఉంటది, దాంతో ఐ-901 ఫీజు (దీన్నే సెవిస్ ఫీజు అంటారు) 350 డాలర్లు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ప్రింట్ తీసుకోండి. ఇంటర్వ్యూకి మూడు పనిదినాల ముందైనా కట్టేసి ఉండాలి. రెండు మూడు ఐ-20లు ఉంటే అన్నిటికీ కట్టక్కర్లేదు, వెళ్ళే యూనివర్సిటీ ఐడీ మీద కడితే చాలు, తర్వాత మనసు మారితే ఆ ఫీజుని కొత్త ఐడీకి మార్పించుకోవచ్చు.

డీఎస్-160 దగ్గర తొందరపడొద్దు. మొదట్లో వచ్చే అప్లికేషన్ ఐడీ ఎక్కడైనా రాసుకోండి, 20 నిమిషాలు ఏం చేయకుండా వదిలేస్తే పేజీ పోద్ది కాబట్టి ప్రతి పేజీకి సేవ్ కొట్టండి. మనవాళ్ళకి ఎక్కువ గొడవ పేరు దగ్గరే వస్తది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటే, ఫారంలో ఆ మొత్తం పేరుని సర్‌నేమ్ గడిలో వేసి గివెన్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ (FNU, ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేయాలి. టెన్త్ మెమోలో ఎలా ఉందన్నది ఇక్కడ చూడరు, పాస్‌పోర్టే ప్రమాణం. గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఐడీలు అన్నీ రాయాలి, 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా వాళ్ళు ఆ ప్రొఫైల్స్‌ని పబ్లిక్‌లో పెట్టాలని కూడా చెప్పారు. ఖర్చు ఎవరు పెడుతున్నారు అన్న ప్రశ్నకి నాన్న అని రాస్తే, కౌంటర్ దగ్గర మామయ్య అని చెప్పకండి. ఫోటో ఆరు నెలల లోపుది, కళ్ళజోడు లేకుండా.

వీసా ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి రాదు. కట్టాక 365 రోజుల్లోపు స్లాట్ బుక్ చేసుకోవాలి. మన దగ్గర రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి, ముందు వేలిముద్రలు ఫోటో, తర్వాత కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, హైదరాబాద్ అయితే నానక్‌రామ్‌గూడలో. బుకింగ్‌లో ఇచ్చిన డీఎస్-160 నంబరూ, మీరు పట్టుకెళ్ళే కన్ఫర్మేషన్ పేజీ నంబరూ ఒకటే ఉండాలి, మధ్యలో ఫారం మళ్ళీ నింపితే బుకింగ్‌లో కూడా మార్చండి. స్లాట్ల కోసం లాగిన్ వివరాలు ఎవరికో ఇచ్చేసి వాళ్ళు రోజంతా రిఫ్రెష్ కొడుతూ ఉంటే అకౌంట్ లాక్ అవుద్ది, డబ్బు ఇచ్చి మరీ ఈ తలనొప్పి ఎందుకు. ఇంతకుముందు స్లాట్ దొరక్కపోతే వేరే దేశం వెళ్ళి అప్లై చేసేవాళ్ళు, 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలో లేదా నివాసం ఉంటున్న దేశంలోనే చేయమంటున్నారు. కోర్సు మొదలవడానికి 365 రోజుల ముందు నుంచే వీసా ఇవ్వొచ్చు కాబట్టి ఐ-20 చేతిలో ఉంటే జూన్ దాకా ఆగాల్సిన పని లేదు.

కౌంటర్ దగ్గర

మాట్లాడేది కొన్ని నిమిషాలే. ఫోన్, బ్యాగ్ లోపలికి రానివ్వరు, పాస్‌పోర్ట్, ఐ-20, డీఎస్-160 పేజీ, సెవిస్ రసీదు, అపాయింట్‌మెంట్ లెటర్ పైన, డబ్బు కాగితాలు కింద పెట్టుకుని వెళ్ళండి. చాలాసార్లు ఫైల్ తెరవమని కూడా అడగరు, అందుకే లెక్క నోటికి వచ్చి ఉండాలి.

మీ చదువుకి డబ్బు ఎలా అంటే, మా నాన్నగారు చూసుకుంటారండి అని ఆగిపోతే అది జవాబే కాదు. మొదటి ఏడాది ఖర్చు 63,000, అందులో 8,000 స్కాలర్‌షిప్, 40,000 బ్యాంక్ లోన్ సాంక్షన్ అయింది, మిగతా 15,000 అమ్మానాన్నల ఎఫ్‌డీ, రెండో ఏడాదికి కూడా అదే లోన్‌లో లిమిట్ ఉంది, ఇలా పది సెకన్లలో చెప్పేస్తే అక్కడితో ఆ టాపిక్ ముగుస్తది. ఇదే కోర్సు ఎందుకు అన్నదానికి బిజినెస్ వాళ్ళు లీడర్‌షిప్, గ్లోబల్ ఎక్స్‌పోజర్ అని అందరూ బట్టీ పట్టే ముక్కలు చెప్తారు, దానికన్నా మీరు ఇప్పటిదాకా చేసిన పని, అందులో తెలియనిది ఏంటి, ఈ కోర్సులో ఏ సబ్జెక్ట్ దానికి పనికొస్తది, ఇది చెప్పండి.

214(బి) కాగితం ఇస్తే తిరస్కరించారని అర్థం, దానికి అప్పీల్ లేదు, కొత్త డీఎస్-160, కొత్త 185 డాలర్లతో మళ్ళీ అప్లై చేసుకోవాలి, సెవిస్ ఫీజు మాత్రం 12 నెలల లోపు అదే పనిచేస్తది. 221(జి) అంటే ఇంకా పరిశీలనలో ఉందనో, ఏదో కాగితం తక్కువైందనో, అడిగింది పంపి ఆగడమే.

వీసా వచ్చాక ఫీజు పంపడం

యూనివర్సిటీకి డబ్బు బ్యాంక్ ద్వారా గానీ, యూనివర్సిటీ చెప్పిన ఫ్లైవైర్, కన్వేరా లాంటి వాటి ద్వారా గానీ పంపండి. పాన్, ఏ2 ఫారం (డబ్బు ఎందుకు పంపుతున్నారో రాసిచ్చేది), ఐ-20, ఇన్వాయిస్ అడుగుతారు. ఎల్ఆర్ఎస్ అనే ఆర్‌బీఐ పథకం కింద ఒక్కో మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. లోన్ డబ్బుతో పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు, సొంత డబ్బు అయితే ఏడాదిలో 10 లక్షలు దాటిన దాని మీద పడుద్ది, అది ఐటీ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు గానీ అప్పటికి చేతిలోంచి డబ్బు వెళ్ళిపోద్ది కదా, దాన్నీ ప్లాన్‌లో పెట్టుకోండి. మీ ఫీజు మేం డిస్కౌంట్‌లో కడతాం, మాకు రూపాయల్లో ఇచ్చేయండి అని ఎవడైనా మెసేజ్ పెడితే బ్లాక్ చేసేయండి, దొంగ కార్డులతో కట్టి తర్వాత ఆ పేమెంట్ వెనక్కి పోతే బాకీ మీ పేరు మీదే ఉంటది.

అమెరికాలోకి ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే రానిస్తారు. ఐ-20 చేతి బ్యాగ్‌లో ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు. దిగాక ఐ-94 (మీరు దేశంలోకి వచ్చిన రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి అందులో ఎఫ్-1 అని ఉందో లేదో చూస్కోండి, తర్వాత యూనివర్సిటీలో చెక్-ఇన్ చేయించుకుంటే డీఎస్ఓ సెవిస్‌లో మిమ్మల్ని రిజిస్టర్ చేస్తారు. ఇక రెండో సెమిస్టర్ ఫీజు విడుదలకి బ్యాంకు మార్కుల కాపీ, కొత్త ఇన్వాయిస్, మీ సంతకంతో రిక్వెస్ట్ లెటర్ అడుగుద్ది, అందుకని బయల్దేరే ముందే బ్రాంచ్‌కి వెళ్ళి స్కాన్ కాపీ, మెయిల్ సరిపోతాయా, లేక అమ్మానాన్నల పేరు మీద ఆథరైజేషన్ రాసివ్వాలా అని అడిగి ఆ సంతకాలన్నీ అప్పుడే పెట్టేసి రండి.